మద్దెల ఆగిన చోట

మా వదిన గిద్దలూరు నుంచి వచ్చి పట్టుబట్టకపోతే మేమిద్దరం ఆ సినిమాకు పోయేవాళ్లమే కాదు. ఆమె మా ఆయనకు అక్క. ఆమె భర్త రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. స్టేషను పక్కన కాపురం. ఆ ఊరికి డేరా సినిమాలు తరచూ వచ్చేవి గనుక ఆమెకు సినిమాలంటే భయం పోయింది. మాకింకా ఉండేది. మేం క్రైస్తవులం. మా సంఘంలో సినిమాకు పోవడమూ కల్లు దుకాణానికి పోవడమూ ఒకటే.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినా కిరసనాయిలు ఇంకా కార్డుల మీదే ఇస్తున్న రోజులవి. మా ప్రాంతమంతా అప్పట్లో కర్నూలు జిల్లా. మా అత్తగారి ఊరు మార్కాపురానికి మూడు మైళ్లు. ఊరికీ పట్నానికీ మధ్య పలకల గనులుండేవి. మా పేటలో సగం మంది రైతుల చేలల్లో కూలికి పోయేవాళ్లు, సగం మంది గనుల్లో పనికి పోయేవాళ్లు. మా ఆయన గనిలో రాయి చీల్చేవాడు. పలకరాయి దిమ్మను నిలబెట్టి, అంచుకు ఉలి ఆనించి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోతే పొర విడుతుంది. దెబ్బ గట్టిగా పడితే రాయి పగిలిపోతుంది. మెత్తగా పడితే పొర కదలదు. చేతి బలం కన్నా చెవితో పని ఎక్కువ. ఆయన కొట్టిన రాయి వృథా పోదని మేస్త్రి కూడా అనేవాడట. ఆ సంగతి నాకు ఆయన చెప్పలేదు, పేటలో వాళ్లు చెప్పారు. ఆయన నాకేదీ చెప్పేవాడు కాదు.

ఆయనకు నత్తి. పెళ్లి మాటలప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు. మాట్లాడవలసినదంతా మా అత్తే మాట్లాడింది, పిల్లవాడు నెమ్మదస్తుడని మా నాయన సంతోషపడ్డాడు. పెళ్లినాడు చర్చిలో బయటపడింది. మా సంఘం పాస్టరును అందరం అయ్యగారనేవాళ్లం. అయ్యగారు ప్రమాణం ఒక్కొక్క ముక్క చెప్పి, నా వెంట చెప్పు నాయనా అన్నారు. పెళ్లికొడుకు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. మెడ నరాలు ఉబ్బాయి. చర్చి నిండా జనం. ముందు వరుసలో కూర్చున్న మా అత్త ఆ మాట తను అందించింది. తర్వాతి మాటా ఆమే అందించింది. చివరికి అయ్యగారు ప్రమాణమంతా తనే చదివి, అవునంటే తల ఊపు అన్నారు. ఆయన తల ఊపాడు. అట్లా మాకు పెళ్లయింది.

నేను బోర్డింగు స్కూల్లో ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని. నాకప్పుడు పదిహేడేళ్లు. మంచి భార్యగా ఉండాలని చాలా ఆశ. ఆయన మాటకు తడుముకుంటే జాలేసి, మిగతా మాట నేనే పూర్తి చేసేదాన్ని. మా అత్తా అంతే చేసేది గనుక అదే పద్ధతి అనుకున్నాను. ఆయన "నీ... నీ..." అంటే నీళ్లనుకుని చెంబు అందించేదాన్ని. ఆయన ఒక క్షణం నా ముఖం చూసి, చెంబు తీసుకుని, దాహం ఉన్నా లేకున్నా తాగి, బయటికి పోయేవాడు. పోగా పోగా నాతో నోరు తెరవడమే మానేశాడు. నేను నచ్చలేదనుకున్నాను. చదువుకున్న పిల్ల, వెక్కిరిస్తుందేమోనని ఆయన అనుకుంటున్నట్టు నాకు తెలియదు. మూడు నెలలు అట్లనే గడిచాయి.

వదిన వచ్చిన రెండో రోజే మమ్మల్ని కనిపెట్టింది. నన్ను వెంటబెట్టుకుని బావికి పోయి, నీళ్లు చేదుతూ నెమ్మదిగా అడిగింది. మా తమ్ముడు కొడతాడా, తాగుతాడా అని. లేదన్నాను. మరెందుకు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న చుట్టాల మాదిరి ఉన్నారని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె కడవ గట్టు మీద పెట్టి నా ముఖం తన కొంగుతో తుడిచింది.

ఆ వారమే మార్కాపురంలో డేరా వేశారు. ఎద్దుల బండికి రెండు పక్కలా బొమ్మలు కట్టి, ముందు ఒకాయన డప్పు కొడుతుంటే, వెనకాల కూర్చున్నాయన ఎర్ర కాగితాలు విసురుతుంటే, ఆ బండి మా ఊరి మీదుగా తర్లుపాడు వైపు పోయింది. ఒక కాగితం మా వాకిట్లో పడింది. వదిన నా చేత చదివించుకుంది. రాజకుమార్తె, మద్దెల వాయించే యువకుడు, ఆటలు, పాటలు, కత్తియుద్ధాలు అని ఉంది. చదవడం అయిపోయేసరికి వదిన మనసులో అంతా ఖాయమైపోయింది. మా అత్తకు దాచలేదు కూడా. మేం ముగ్గురం ఈ సాయంత్రం సినిమాకు పోతున్నాం అని చెప్పింది. అయ్యగారికి తెలిస్తే ఎట్లనే అని అత్త భయపడితే, వదిన తలకు నూనె రాసుకుంటూ, "తెలిసినప్పుడు చూసుకుందాం లేమ్మా, ఈ పిల్లలు నవ్వి ఎన్నాళ్లయిందో నువ్వు చూసినావా?" అంది.

మొదటి ఆటకే పోయాం. పొద్దు గూకితే గానీ డేరాలో బొమ్మ పడదు. లోపల మధ్యలో నిలువుగా ఒక గుడ్డ తెర కట్టి, ఒక పక్క ఆడవాళ్లను, ఒక పక్క మగవాళ్లను నేల మీద కూర్చోబెట్టారు. నేనూ వదినా ఆడవాళ్లలో కూర్చున్నాం. ఆయన అవతల పక్క తెర అంచునే కూర్చున్నాడు. మిషను ఒక్కటే గనుక రీలు అయిపోయినప్పుడల్లా దీపం వెలిగేది. దీపం వెలిగినప్పుడల్లా ఆడవాళ్లు పిల్లల్ని సర్దుకునేవాళ్లు, నేను తెర సందులోంచి ఆయన్ను చూసేదాన్ని. ఎందుకు చూశానో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేదాన్ని.

కథ పెద్దదేమీ కాదు. రాజుగారి కూతురు గజ్జెలు కట్టి ఆట నేర్చుకుంటూ ఉంటుంది. మద్దెల వాయించే పెద్దాయన జబ్బు పడితే ఆయన బదులు ఎక్కడి నుంచో ఒక కుర్రవాడు వస్తాడు. రాజుగారు సింహాసనం మీద కూర్చుని చూస్తుంటాడు. గురువు పక్కనే తాళం వేస్తుంటాడు. చెలికత్తెలుంటారు, కాపలావాళ్లుంటారు. ఆ కుర్రవాడు ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడే దారి లేదు. కళ్లెత్తి చూసినా తప్పే. అతను కళ్లు దించుకుని మద్దెల మాత్రం వాయిస్తాడు.

మొదటిరోజు అతను ఆమె అడుగుల వెంట పోతాడు. ఆమె అడుగు వేస్తే దెబ్బ పడుతుంది. రెండోసారి చూస్తే అతను ముందు కొడుతుంటాడు, ఆమె అడుగు అతని దెబ్బను వెతుక్కుంటూ వస్తుంది. ఎప్పుడు తారుమారైందో తెలియదు. మూడోసారి ఇద్దరూ వేగం పెంచారు. ఆమె గజ్జెలు, అతని వేళ్లు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. అంత వేగంలో ఉన్నట్టుండి అతను చేయి ఎత్తి ఆపేశాడు.

ఆమె కాలు పైకి లేచి ఉంది. దించలేదు. అతని వైపు తిరిగి చూడనూ లేదు. చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి. గుండెలు మాత్రం ఎగసి పడుతున్నాయి. రాజుగారు చూస్తున్నాడు, గురువు తాళం పట్టుకుని అయోమయంగా చూస్తున్నాడు. డేరాలో అంతమంది ఉన్నారు, చంటిపిల్లల ఏడుపు కూడా వినపడలేదు. ఆమె తొందరపడి కాలు దించితే ఆట తప్పుతుంది. ఆమె తొందరపడలేదు. నువ్వు ఎప్పుడు కొడితే అప్పుడే అన్నట్టు నిలబడింది. అప్పుడు అతను ఒక వేలితో, వినపడీ వినపడనట్టు, ఒక్క దెబ్బ వేశాడు. ఆమె కాలు నేల మీద ఆనింది.

నా ముందు కూర్చున్న ముసలామె పక్కామెతో, అయిపోయింది, ఇంక వాళ్లిద్దరూ ఒకటే అని చెప్పింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోకుండానే ఆ సంగతి ఆ డేరాలో అందరికీ తెలిసిపోయింది. అక్కడ కూర్చున్న రాజుగారికి తప్ప.

నాకు అప్పటికి తెలిసిన ప్రేమ అనే మాట బైబిల్లోదే. దేవుని ప్రేమ, పొరుగువాని ప్రేమ. మొగుడూ పెళ్లాల మధ్య ఆ మాట వాడగా నేను వినలేదు. ఆట అంటే పాపమని బోర్డింగు స్కూల్లో నేర్పారు. జాతరలో ఆడేవాళ్లను చూడకుండా ముఖం తిప్పుకుని నడిచేదాన్ని. ఆ సాయంత్రం ముఖం తిప్పుకోలేదు. ఒకరినొకరు ముట్టుకోలేదు, మాట్లాడుకోలేదు, అయినా నాకు చెవులు వేడెక్కాయి. అంతలో రీలు అయిపోయి దీపం వెలిగింది. తెర సందులోంచి చూశాను. అందరూ ఒళ్లు విరుచుకుంటుంటే ఆయన ఒక్కడు కదలకుండా కూర్చుని ఉన్నాడు. కుడిచేతి వేళ్లు మోకాలి మీద ఆడుతున్నాయి. ఆ మద్దెల దెబ్బలనే ఆయన మొదటి నుంచీ మళ్లీ వేసుకుంటున్నాడు. ఒక చోట వేళ్లు ఆగాయి. సరిగ్గా ఆ చోటే.

ఇంటికి పోతూ దారి పొడుగునా వదిన ఒక్కతే మాట్లాడింది. కత్తియుద్ధం బాగాలేదంది.

మర్నాడు తెల్లవారుతుండగా వాకిట్లో రోటి దగ్గర నేను సజ్జలు దంచుతున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని గనికి తీసుకుపోయే ఉలులు నూరుకుంటున్నాడు. కొంచెంసేపటికి నూరడం ఆగి, పక్కనున్న పలకముక్క మీద ఉలి కొసతో చిన్నగా కొట్టడం వినపడింది. నా రోకటి దెబ్బకూ దెబ్బకూ మధ్య అది పడుతోంది. ఏదో ఊరికే అనుకున్నాను. రోకలి వేగం పెంచితే అదీ పెరిగింది. తగ్గిస్తే తగ్గింది. నాకు నవ్వొచ్చింది గానీ తల ఎత్తలేదు. కాసేపటికి ఆయన ముందు కొడుతున్నాడు, నేను వెంట పోతున్నాను. చేతులకు బరువు తెలియడం లేదు.

అప్పుడు ఆయన ఆపేశాడు.

రోకలి నా తల పైన ఉంది. దించబోయి దించలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, భుజాలు లాగడం మొదలైంది. ఆయన వైపు చూడకుండానే ఆయన నన్ను చూస్తున్నట్టు తెలిసింది. మూడు నెలల్లో ఒక్కసారీ నేను ఆయన కోసం ఇట్లా ఆగలేదన్న ఆలోచన వచ్చింది. ఆయన మాట వెతుక్కునేలోపే నా మాట తెచ్చి ఆయన నోట్లో పెట్టేదాన్ని. అది సాయమనుకున్నాను. పలక మీద ఒక్క దెబ్బ పడింది, మెత్తగా. నేను రోకలి దించాను.

లోపల్నుంచి మా అత్త, దంచుడు ఆగిపోయిందేంది అని అడిగింది. సజ్జలు ఎగిరి పడుతున్నాయి అత్తా అన్నాను.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే ఆయన గని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చున్నాడు. "నీ... నీ..." అన్నాడు. నా చేయి చెంబు వైపు పోయింది. వెనక్కి తీసుకున్నాను. పొయ్యిలో పుల్లలు సర్దడం కూడా మానేసి ఆయన ముఖం వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆగాడు. కళ్లు మూసుకున్నాడు. ఎసరు కాగి మూత ఎగరడం మొదలైంది. నేను లేవలేదు.

"నీకు... ఆ ఆట... నచ్చిందా?" అన్నాడు.

నచ్చిందని చెప్పాను. ఏ చోట నచ్చిందో కూడా చెప్పాను. ఆయన తనకూ అక్కడే అన్నట్టు తల ఊపాడు. తల ఊపి ఊరుకోకుండా ఆ మాట నోటితో కూడా అన్నాడు. దానికీ చాలాసేపు పట్టింది. ఆ పూట సంకటి అడుగంటింది. మా వదిన ఆ మాడు వాసనకు లోపలికి వచ్చి, మమ్మల్నిద్దరినీ చూసి, మళ్లీ బయటికి పోయింది. రెండు రోజుల తర్వాత గిద్దలూరు వెళ్లిపోయింది.

తర్వాత జరిగినదానికి బాధ్యత నాదే. వేరుశనగ చేలో కలుపు తీస్తుంటే తోటి ఆడవాళ్లు సినిమా కథ చెప్పమన్నారు. పట్నానికి పోయి సినిమా చూసినవాళ్లు మా పేటలో అప్పటికి లేరు. ఒకవేళ ఉన్నా చెప్పలేదు. రాజుగారి సంగతి, జబ్బు పడిన పెద్దాయన సంగతి చెప్పడం తేలిక. ఆట దగ్గరికి వచ్చేసరికి చిక్కుపడ్డాను. అతను మద్దెల కొట్టినాడు, ఆమె ఆడింది, ఇద్దరికీ ఇష్టమైంది అన్నాను. ఇష్టమైందని ఎట్ల తెలిసింది, ఏమన్నా చెప్పుకున్నారా అని ఒకామె అడిగింది. చెప్పుకోలేదన్నాను. చెయ్యి పట్టుకున్నాడా అని ఇంకొకామె అడిగింది. అదీ లేదన్నాను. మరి ఇష్టమైందని నీకు ఎవరు చెప్పినారు అని అందరూ నవ్వారు. మాటల్లో చెప్పే దారి లేక, చేతిలో కలుపు తీసే తొలిక పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చాళ్ల మధ్య లేచి నిలబడ్డాను. ఒకామెను నీళ్ల డబ్బా మీద కొట్టమన్నాను. నాకు ఆట రాదు. రెండడుగులు వేసి, ఆపమని చెప్పి, సినిమాలో ఆ పిల్ల నిలబడినట్టే కాలెత్తి నిలబడ్డాను. వాళ్లకు అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. చేని గట్టున గెనెం మీద కూర్చుని చంటిపిల్లకు పాలిస్తున్న ఒకామె కళ్లు తుడుచుకుంది.

ఆ ఆదివారానికి సంగతి అయ్యగారికి చేరింది. సినిమా చూడటమే కాక చేలో ఆట ఆడిందట అని చేరింది.

ఆరాధన అయిపోయాక సంఘాన్ని కూర్చోమని చెప్పి, ఆయన మమ్మల్నిద్దరినీ ముందుకు రమ్మన్నారు. అయ్యగారు అప్పటికే ముసలాయన, మాట కటువు, గొంతు మాత్రం చిన్నది. మా ఆయన్ను చూసి, సినిమాకు పోయింది నిజమేనా, ఎవరు తీసుకుపోయారు అని అడిగారు. చర్చి అంతా ఆయన వైపు చూసింది. పెళ్లినాడు చూసినట్టే. ఆయన నోరు తెరిచాడు, మొదటి అక్షరం దగ్గర ఆగిపోయాడు. మా వెనకే వచ్చి నా పక్కన నిలబడిన మా అత్త ఎప్పటిలాగే మాట అందించడానికి ముందుకు వంగింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. ఆమె ఆశ్చర్యంగా నా వైపు చూసింది. నేను చెయ్యి వదల్లేదు. అందరూ నా ముఖం చూస్తున్నారు, చదువుకున్నది గదా చెబుతుందని. నేను ఆయన్ను చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపైనా పర్లేదు అనుకున్నాను. ఎవరో దగ్గారు. పిల్లలు కిసుక్కుమంటే పెద్దవాళ్లు అదిలించారు.

"నే... నేనే పోయినా అయ్యగారూ," అన్నాడు ఆయన. "అక్క కాదు. ఆమె కాదు. నేనే పిలుచుకపోయినా."

ఆగాడు. అయిపోయిందనుకుని అయ్యగారు ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి ఊరుకున్నారు.

"ఆ ఆట... చూసినంక మా ఇంట్లో... మాట మొదలైంది. అది పాపమని... నాకు తోచలేదు. శిక్ష ఏస్తే... పడతా."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం ఆ పేటలో ఎవరూ వినలేదు. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు చాలాసేపు బల్ల మీది పుస్తకం సర్దుకుంటూ నిలబడ్డారు. చివరికి సంఘం కట్టుబాటు అందరికీ ఒకటేనని చెప్పి, మూడు నెలలు మాకు ప్రభువు బల్లలో భాగం లేదన్నారు. మేం తల వంచుకున్నాం. అది చిన్న శిక్ష కాదు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం వరుసగా అందుతుంటే మా దగ్గరికి వచ్చేసరికి పళ్లెం మమ్మల్ని దాటి పోయేది. మొదటిసారి నాకు కన్నీళ్లాగలేదు. ఆయన నా వైపు జరిగి కూర్చున్నాడు, అంతే.

అయితే శిక్ష వేసిన రోజు జరిగిన ఇంకొక సంగతి కూడా రాయాలి. అందరూ వెళ్లిపోయాక నేను నా బైబిలు మరిచిపోయి వెనక్కి వచ్చాను. అయ్యగారు తలుపుకు తాళం వేస్తున్నారు. పుస్తకం ఇచ్చి, పోబోతున్నదాన్ని ఆపి, అటూ ఇటూ చూసి అడిగారు.

"ఆ మద్దెలాయన నడిమధ్యలో ఆపేసినాడంట గదా. ఆ పిల్ల కాలు దించిందా?"

"దించలేదు అయ్యగారూ."

"ఎంతసేపు?"

"ఆయన మళ్ల కొట్టిందాక."

ఆయన తల ఊపి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. మూడు నెలలు అయ్యాక మమ్మల్ని తిరిగి బల్లకు పిలిచినప్పుడు గానీ, ఆ తర్వాత గానీ ఆయన ఆ సినిమా ఊసు ఎత్తలేదు.

ఆ మూడు నెలల్లో మా ఆయన నాకు చాలా చెప్పాడు. చిన్నప్పుడు బడిలో పాఠం అప్పజెప్పలేక రోజూ దెబ్బలు తిని రెండో తరగతిలోనే మానేసిన సంగతి చెప్పాడు. రాయి ఎక్కడ విడుతుందో చప్పుడును బట్టి ఎట్లా తెలుస్తుందో చెప్పాడు. పెళ్లినాడు ప్రమాణం నోటితో చెప్పలేకపోయినందుకు తనకు ఎంత కష్టమైందో చెప్పాడు. ఆ మాట చెప్పిన రోజు, ఇప్పుడు చెప్పు, నేను వింటాను అన్నాను. అప్పటికి ఆ ప్రమాణం మాటలు ఆయనకు కంఠతా వచ్చు. ఇంటి వెనక, మేకల దొడ్డి దగ్గర, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చెప్పాడు. మేకలు తప్ప సాక్షులు లేరు. నత్తి తగ్గలేదు, ఎప్పటికీ తగ్గలేదు కూడా. నేను ఆగడం నేర్చుకున్నాను. నన్ను చూసి మా అత్త కూడా నేర్చుకుంది, ఆమెకు కొంచెం ఎక్కువ కాలం పట్టింది.

తర్వాత తర్వాత మా పిల్లలు పెద్దయి సినిమాలు చూసి వచ్చి ఎగతాళి చేసేవాళ్లు. ఇష్టపడినవాళ్లు ఎవరన్నా తోటల్లో పడి ఎగురుతారా, అది అబద్ధం గదమ్మా అనేవాళ్లు. వాళ్లన్నది నిజమే. నేను వాదించేదాన్ని కాదు. కానీ ఆ ఎగరడం తీసేస్తే, పది మంది మధ్య కూర్చున్న ఇద్దరికి ఒకరి మీద ఒకరికి పుట్టిన ఇష్టాన్ని తెర మీద ఎట్లా చూపిస్తారో నాకు తెలియదు. మాట్లాడించి చూపిస్తే ఆ మాటలు మనకు కొత్తగా ఉండవు. ఒకరి అడుగు కోసం ఒకరు కాచుకోవడం చూస్తే మాత్రం చదువురాని ముసలామెకు కూడా తెలిసిపోతుంది. ఎగరడం ఎక్కువై కాచుకోవడం తగ్గిపోయిన సినిమాలు నాకూ నచ్చవు.

ఆ సినిమాను మేం రెండోసారి మూడేళ్లకు చూశాం, గిద్దలూరులో. వదినకు ఒళ్లు బాగాలేదంటే చూడటానికి పోయాం. అప్పటికి మాకు ఏడాది పాప. ఆ డేరాలో కుటుంబాలు కలిసి కూర్చోవడానికి వెనకాల బెంచీలు వేశారు గనుక ఈసారి పక్కపక్కనే కూర్చున్నాం. కాపీ బాగా అరిగిపోయింది, బొమ్మ నిండా గీతలు. ఆ ఆట వచ్చేవేళకు ఇద్దరం ముందుకు జరిగాం. వేగం పెరిగింది, గజ్జెలు, వేళ్లు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. అంతలో బొమ్మ ఒక్కసారి ఎగిరి, రాజుగారు కోపంగా ఎవరితోనో మాట్లాడుతున్న చోటికి పోయింది. మద్దెల ఆగడం, ఆమె నిలబడటం లేనే లేవు. కొత్తగా చూసేవాళ్లకు పోయిన సంగతే తెలియదు. వాళ్లు మామూలుగా చూస్తున్నారు. మేమిద్దరమే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

తెల్లవారి ఆయన నన్ను వెంటబెట్టుకుని డేరా దగ్గరికి పోయాడు. ఎందుకో చెప్పలేదు. ఆపరేటరు ఒక్కడే ఎండలో స్టూలు వేసుకుని రీలు చుట్టుకుంటున్నాడు. మద్రాసు వైపు మనిషి, సన్నటి మీసం. మా ఆయన అతని దగ్గరికి పోయి నిలబడి మాట మొదలుపెట్టి ఆగిపోతే, ఆపరేటరు పాసులా అన్నాడు, డేరాలో ఏమన్నా పోగొట్టుకున్నారా అన్నాడు, పని కావాలా అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆపరేటరు నా వైపు చూశాడు, నువ్వు చెప్పమ్మా అన్నట్టు. నేను పాపను భుజం మార్చుకున్నాను. చివరికి ఆ మనిషి రీలు తిప్పడం ఆపి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన అడిగాడు, మద్దెల ఆపే ముక్క ఏమైందని.

ఎక్కడో ఒక ఊళ్లో మిషనులో ఇరుక్కుని కాలిపోయిందట. అది ఇతను పనిలో చేరకముందు సంగతి. కాలినంత మేర కోసేసి మిగతాది అతికించారు.

"నేను చూడనే లేదు," అన్నాడు ఆపరేటరు. "రోజూ రెండాటలు వేస్తా, ఆ చోట ఎందుకో ఎగురుతుందని తెలుసు. ఏముండేది అందులో?"

మా ఆయన నా వైపు చూశాడు. తర్వాత పక్కనున్న రేకుల పెట్టె దగ్గరికి లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. మొదటి నుంచి చెప్పసాగాడు. రాజుగారు ఎక్కడ కూర్చున్నాడో, గురువు ఎక్కడున్నాడో, పెద్దాయన బదులు కుర్రవాడు ఎట్లా వచ్చాడో చెప్పాడు. మాట చిక్కిన చోట పెట్టె మీద వేళ్లతో కొట్టి చూపించాడు. ఆపరేటరు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. మధ్యాహ్నం బండికి మేం ఊరికి బయల్దేరాలి. టైమవుతోందని వదిన ఎవరితోనో కబురు పంపింది. వస్తామని చెప్పి పంపేసి, పాపతో నీడకు పోయి నిలబడ్డాను.